లాన్స్ పొలం అంచున దారి

మా ఆయన మ్యాటీకి రెండు పిచ్చిలు: పావురాలు, కాలిదారులు. పావురాల సంగతి సరే, ఇంగ్లండు ఉత్తరాన మా నార్తంబర్లాండ్ బొగ్గుగని ఊళ్ళలో సగం మంది మగాళ్ళకి ఆ పిచ్చి ఉంటుంది. కాలిదారుల పిచ్చి మాత్రం మా ఆయన సొంతం. పొలాల మధ్య జనం నడిచే దారికి ఏ రైతైనా ముళ్ళకంచె అడ్డం వేశాడని వింటే చాలు, కోటు జేబులో కటింగ్ ప్లయర్ వేసుకుని బయల్దేరేవాడు. "తాతల నాటి నుంచి నడిచే దారి ఇది. నడవడానికి ఒకణ్ణి అడిగేదేంటి? దారి హక్కంటే అదే. ఎవడి దయా అక్కర్లేదు" అనేవాడు. పెళ్ళయిన కొత్తలో ఈ ఉపన్యాసం నాకు ముచ్చటగా ఉండేది. తర్వాత్తర్వాత పొయ్యి మీద కూర మాడిపోతున్నా ఆపేవాడు కాదు.

అలాంటి మనిషి రోజూ పొద్దున్నే పావురాలకు మేత వెయ్యడానికి నడిచే దారిని, మా వీధి చివర నుంచి గూళ్ళ దాకా పోయే దారినే మూసేస్తామని స్తంభానికి పసుప్పచ్చ కాగితం మేకులతో కొట్టారు.

మా గని మూతపడి అప్పటికి చాలా ఏళ్ళయింది. భూమిలోకి దిగి తవ్వే పని ముగిసింది కానీ, పైపొరల్లో ఇంకా బొగ్గు మిగిలి ఉందట. పొలాలను పైనుంచే తెరిచి, బొగ్గు తీసుకుని, మళ్ళీ మట్టి కప్పి, గడ్డి వేసి అప్పగిస్తారట. పని జరిగినన్నాళ్ళూ దారి బంద్. అందాకా జనం నడవడానికి చుట్టూ వేరే దారి ఇస్తారు. పని అయ్యాక పాత దారిని పాత చోటే తిరిగి వేస్తారు. కౌంటీ ఆఫీసు నుంచి వచ్చిన మిస్ థర్ల్‌వెల్ అనే అమ్మాయి ఇదంతా మా గని కార్మికుల క్లబ్బు హాల్లో గోడకు మ్యాపు తగిలించి చెప్పింది.

మా ఆయన లేచి నిలబడ్డాడు. "మా తాత ఆ దారినే గనికి నడిచాడు. మా నాన్న నడిచాడు. నేను నడిచాను. ఇప్పుడు మీరొచ్చి మూసేస్తామంటే చేతులు కట్టుకు కూర్చోవాలా?"

"మూసేది తాత్కాలికంగానేనండీ," అంది ఆ అమ్మాయి.

"నేనూ తాత్కాలికమేనమ్మా. నా వయసు చూశావా?"

హాలంతా నవ్వింది. అప్పుడామె కొత్త దారి ఎటు పోతుందో మ్యాపు మీద వేలితో గీసి చూపించింది. నవ్వులు ఠక్కున ఆగిపోయాయి. ఆ వేలు లాన్స్ పొలం అంచు మీదుగా పోయింది మరి.

లాన్స్ మా ఆయనకు ఒక్కగానొక్క తమ్ముడు. గనుల్లో ఆ పెద్ద సమ్మె జరిగినప్పుడు ఇద్దరూ పని మానేసి సమ్మెలోనే ఉన్నారు. చివరి చలికాలంలో లాన్స్ భార్య మొయిరాకి జబ్బు చేసింది. ఇంట్లో పొయ్యిలోకి కూడా బొగ్గు లేదు. సమ్మె ఇంకొన్ని వారాల్లో ముగుస్తుందనగా లాన్స్ పనిలోకి వెళ్ళాడు. రాళ్ళు పడకుండా కిటికీలకు ఇనుప వల కట్టిన బస్సులో, తల దించుకుని, గని గేటు దగ్గర సమ్మెవాళ్ళతో నిలబడ్డ అన్న ముందు నుంచే వెళ్ళాడు. ఆ పొద్దుటి నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. మా వైపు ఇదేం వింత కాదు. సమ్మె మధ్యలో పనిలోకి వెళ్ళినవాడు పక్కింట్లో ఉన్నా లేనట్టే లెక్క.

మొయిరా పోయినప్పుడు నేనొక్కదాన్నే వెళ్ళాను. మా ఆయన ఆ రోజంతా పావురాల గూళ్ళు కడుగుతూ కూర్చున్నాడు. ఆ కోపం నాకు ఇవాళ్టికీ చల్లారలేదు. మొయిరా అంటే నాకు ప్రాణం. ఆమె భర్త అర మైలు దూరంలో ఒంటరిగా వండుకు తింటుంటే, ఆదివారం మా బల్ల దగ్గర అతనికో కుర్చీ వెయ్యలేకపోయాను. ఇద్దరూ ముసలివాళ్ళవుతున్నారు. ఎవరో ఒకరు వెళ్ళిపోయేలోగా ఒక్కసారి నోరు విప్పి మాట్లాడుకుంటే చాలని, అంతకంటే నాకేమీ అక్కర్లేదని అనుకునేదాన్ని.

మీటింగ్ నుంచి వచ్చేటప్పుడు మా ఆయన దారి పొడుగునా గొణుగుతూనే ఉన్నాడు. "బొగ్గు కంపెనీ వాళ్ళు ఏదో పడేసి ఉంటారు, వీడు పొలం రాసిచ్చి ఉంటాడు. అమ్ముడుపోవడం వాడికి కొత్తా?"

"నీకు తెలిసినట్టు మాట్లాడకు," అన్నాను.

"నాకు తెలియక్కర్లేదు. నేనా దారి తొక్కను. బస్సు రోడ్డు మీద చుట్టూ తిరిగి పోతాను."

అన్నట్టే చుట్టూ తిరిగి వెళ్ళాడు, వేసవంతా. మా కుక్క మెగ్, సన్నటి వేటకుక్క, అది కూడా అంత దూరం నడవలేక నాలుక వేలాడేసుకుని వచ్చేది. చలికాలం వచ్చేసరికి గనిలో దెబ్బతిన్న మా ఆయన మోకాలు మొండికేసింది. ఒక పొద్దున మంచు పడి రోడ్డు గాజులా జారుతుంటే, ఏమీ చెప్పకుండా కొత్త దారి పట్టాడు. తిరిగొచ్చాక అడిగాను.

"ఏం, కనిపించాడా?"

"ఎవరు?"

"ఎవరో మహారాణి గారు!"

"కోళ్ళకి మేత వేస్తున్నాడు," అన్నాడు మా ఆయన, బూట్లు విప్పుతూ. "కోళ్ళు బాగానే ఉన్నాయి."

మాటల్లేని మనుషులు మా ఊళ్ళలో ఏదో ఒకదాని ద్వారా మాట్లాడుకుంటారు. మా అత్తగారు అలిగినప్పుడల్లా మామగారితో టీ కెటిల్ ద్వారా మాట్లాడేది. "కెటిల్, ఆయనకి టీ కావాలేమో కనుక్కో" అనేది. ఆ కడుపున పుట్టినవాళ్ళే కదా ఇద్దరూ. వసంతం వచ్చేసరికి ఆ పొలం అంచున ఏం జరుగుతోందో నాకు అనుమానం వచ్చి, ఒక ఆదివారం నేనూ వెంట నడిచాను.

లాన్స్ లీకు ఉల్లి మడి దగ్గర వంగి ఉన్నాడు. లీకు ఉల్లి అంటే మా మగాళ్ళకి కూర కాదు, పరువు. దాని తెల్లటి కాడను మోచేతి లావున పెంచి, సెప్టెంబర్లో క్లబ్బులో పోటీకి పెడతారు. లాన్స్ మడిలో ఉన్నది మా మామగారి చేతి జాతి. ఏటేటా తల్లి మొక్క తల మీద పుట్టే పిలకలు తీసి నాటుకుంటూ వచ్చిన మొక్కలు. సమ్మె తర్వాత మా ఆయన ఆ మొక్కల జోలికే పోలేదు.

కంచె దగ్గర మా ఆయన ఆగి, కుక్క వైపు చూస్తూ గొంతు పెంచాడు. "మెగ్, చూశావా, కొందరు మిట్టమధ్యాహ్నం నీళ్ళు పోస్తారు. మా నాన్న చూసుంటే చెవి మెలిపెట్టేవాడు."

లాన్స్ తల ఎత్తలేదు. "మెగ్, మీ అయ్యగారికి చెప్పు, ఇవి నీళ్ళు కావు, గొర్రె పెంట నానబెట్టిన రసం అని. ఆ మాత్రం వాసన కూడా తెలియనంత ముక్కు దిబ్బడేసిందా అని అడుగు."

"మెగ్, నా ముక్కు సంగతి ఇతరులకెందుకు? పద పోదాం."

కుక్క పాపం ఇటూ అటూ చూసి, ఎవరి మాట వినాలో తెలియక కూర్చుండిపోయింది. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇద్దరు తాతల వయసు మనుషులు! నన్ను చూసి లాన్స్ టోపీ ఎత్తి, "బాగున్నావా వదినా?" అన్నాడు మామూలుగా. నాతో మాట్లాడటానికి కుక్క అక్కర్లేదు అతనికి.

అలా రోజూ సాగింది. వాతావరణం, కోళ్ళు, పావురాలు, మా నాన్న ఇలా చేసేవాడు, కాదు అలా చేసేవాడు, అన్నీ మెగ్ చెవిలోంచే పోయేవి. ఆగస్టులో ఒక రోజు మా ఆయన కంచె దగ్గరే నిలబడిపోయాడట. "మెగ్, మూడో మడి చివర మొక్కకి అడుగాకుల కింద తుప్పు తెగులు పట్టింది. అటువైపు నుంచి కనపడదు, ఇటు నుంచి చూస్తేనే కనపడుతుంది. ఇవాళే ఆ ఆకులు తీసి కాల్చెయ్యకపోతే మడంతా పోతుంది." మర్నాటికి ఆ మడి పక్కన బూడిద కుప్ప ఉంది.

ఆ సెప్టెంబర్లో లాన్స్ సమ్మె తర్వాత మొదటిసారి మా క్లబ్బులో అడుగుపెట్టాడు. లీకు ఉల్లి తెచ్చి బల్ల మీద పెట్టి, తలుపు పక్కనే కూర్చున్నాడు. కొందరు మొహం తిప్పుకున్నారు గానీ, లేచి వెళ్ళమని ఎవరూ అనలేదు. మూడో బహుమతి వచ్చింది. క్లబ్బు సెక్రటరీ మర్యాదకి అడిగాడు, ఇంత శుభ్రంగా ఎలా పెంచావయ్యా, ఒక్క మచ్చ లేదు అని.

"నాదేముంది," అన్నాడు లాన్స్. "అంతా మ్యాటీ వాళ్ళ కుక్క చెప్పింది."

హాలంతా గొల్లున నవ్వింది. మా ఆయన బీరు గ్లాసులో మొహం దూర్చేశాడు. చెవులు మాత్రం ఎర్రగా బయటికి కనిపిస్తూనే ఉన్నాయి.

బొగ్గు అయిపోయింది. యంత్రాలు పోయాయి, మట్టి వచ్చింది, గడ్డి మొలిచింది. ప్లాస్టిక్ గొట్టాల్లో చిన్న చిన్న మొక్కలు నాటారు. పాత దారిని తిరిగి వేసి, కంచె దాటడానికి కొత్త చెక్క మెట్లు కట్టారు. మా వీధి చివర పసుప్పచ్చ కాగితాలు పీకడానికి మిస్ థర్ల్‌వెల్ సుత్తి పట్టుకుని వచ్చింది. చలిగాలిలో నిలబడిందని లోపలికి పిలిచి టీ ఇచ్చాను.

"మీ మరిది గారు మంచి మనిషండీ," అంది ఆ పిల్ల. "అసలు మేం గీసిన దారి వాగు పక్కగా. ఆయనే ఆఫీసుకి వచ్చి, వాగు పక్క బురద, మా అన్నకి మోకాలు బాగోదు, నా పొలం అంచున వెయ్యండి అన్నారు. కంపెనీ ఇస్తానన్న డబ్బు కూడా వద్దన్నారు. ఎవరికీ చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నారు. ఇప్పుడా దారే లేదుగా, చెప్పినా తప్పులేదనుకుంటాను."

నా చేతిలో కప్పు చల్లారిపోయింది. అయినా మా ఆయనకు వెంటనే చెప్పలేదు. తనంతట తానే ఏం చేస్తాడో చూద్దామనుకున్నాను.

ఏం చేస్తాడు? పాత దారి తిరిగొచ్చింది, గెలిచిన మనిషి కదా, దాని మీదే నడిచాడు. తిరిగొచ్చి సణిగాడు. "చదునుగా చేసి పారేశారు. ఆ మిట్ట లేదు, ఆ ముళ్ళ పొద లేదు. మట్టి కూడా వేరేలా ఉంది." మర్నాడూ అదే సణుగుడు. ఆ మర్నాడు, మెగ్ చెక్క మెట్ల దగ్గర కూలబడి కదలనంటోందని దాని మీద కేకలు. రాత్రి భోజనాల దగ్గర బంగాళాదుంపలు కెలుకుతూ, "కోళ్ళు గుడ్లు మానేసే కాలం ఇది" అన్నాడు ఉన్నట్టుండి. మాకు కోళ్ళు లేవు.

ఇక నా వల్ల కాలేదు. ఆ అమ్మాయి చెప్పినదంతా చెప్పేశాను. వాగు, బురద, మోకాలు, అన్నీ.

మా ఆయన ఫోర్కు కింద పెట్టాడు. చాలాసేపు బల్ల మీది ఉప్పు సీసా వైపే చూశాడు. ఒకవేళ ఉప్పు సీసాతో మాట్లాడతాడేమోనని భయమేసింది.

"అక్కడిప్పుడు దారి హక్కు లేదు, ఓలివ్," అన్నాడు చివరికి. "రద్దయిపోయింది. అది వాడి సొంత పొలం."

"అయితే అడుగు."

"నడవడానికి నేను జన్మలో ఎవర్నీ అడగలేదు."

"తెలుసు. అందుకే అడగమంటున్నాను."

పొద్దున్నే కోటు తొడుక్కుని, కుక్క తాడు కోసం మేకు మీద తడిమాడు. తాడు నా దగ్గర ఉంది. మెగ్‌ను వంటింటి వెనక గదిలో పెట్టి గడియ వేశాను.

"మెగ్ ఏది?"

"ఇవాళ రాదు."

"ఏమైంది దానికి?"

"మాట్లాడి మాట్లాడి గొంతు పోయింది."

నా వైపు ఒక చూపు చూసి, తలుపు గట్టిగా వేసి వెళ్ళాడు. టీ ఫ్లాస్కు మర్చిపోయాడు. మర్చిపోయేలా నేనే దాన్ని బ్రెడ్డు డబ్బా వెనక పెట్టాననుకోండి. అది పట్టుకుని, కాస్త వెనగ్గా నడిచాను.

వీధి చివర ఆగాడు. పాత దారి మెట్లు ఎదురుగా ఉన్నాయి. వాటిని ఒకసారి చూసి, పక్కకి తిరిగాడు. నేను కంచె పొద చాటున నిలబడ్డాను.

లాన్స్ మడి దగ్గర వీపు ఇటు పెట్టి తవ్వుతున్నాడు. మా ఆయన పొలం గేటు మీద చెయ్యి వేశాడు, తొయ్యలేదు. అలవాటుగా పక్కకి, కిందికి చూశాడు. అక్కడ కుక్క లేదు. గొంతు సవరించుకున్నాడు. లాన్స్ తవ్వడం ఆపాడు, కానీ తిరగలేదు.

"లాన్స్."

ఆ పేరు ఆ నోటి నుంచి విని ఎన్నేళ్ళయిందో.

"ఇటుగా వెళ్ళొచ్చా?"

లాన్స్ చేతిలోని పార నేలలో గుచ్చాడు. దాని మీద రెండు చేతులూ ఆనించాడు. అప్పుడు తిరిగాడు.

"గేటు సరిగ్గా వేసి రా," అన్నాడు. "కుందేళ్ళు దూరతాయి."

మా ఆయన లోపలికి వెళ్ళి, గేటు కాస్త పైకెత్తి, గడియ పడేదాకా నొక్కాడు.

"కుక్కేది?" అన్నాడు లాన్స్.

"ఓలివ్ ఇంట్లో పెట్టి గడియేసింది."

"అయితే ఇక నువ్వే మాట్లాడాలి."

నేనింక అక్కడ నిలబడలేదు. ఫ్లాస్కు గేటు స్తంభం పక్కన పెట్టి, చప్పుడు చెయ్యకుండా వెనక్కి వచ్చేశాను. ఆ ఫ్లాస్కుకి రెండు కప్పులు ఉంటాయి. ఆ రోజు పావురాలకు మేత మధ్యాహ్నం దాటాక పడింది.