చౌడప్ప చేతుల కింద

నేను ఒక మోటారు సైకిల్ హ్యాండిల్‌ని. రోడ్డు మీద తిరిగే బండిది కాదు, మట్టి దిబ్బల మీద ఎగిరి దూకే పందెం బండిది. ఆ పందేన్ని మోటోక్రాస్ అంటారు. మనుషులు చదునైన దారులు వేసుకోవడానికి ఎంతో కష్టపడతారు. మళ్ళీ వాళ్ళే ఒక బీడు వెతికి, అందులో గుంతలు తవ్వి, దిబ్బలు పోసి, వాటి మీద బండ్లు తోలడానికి పొద్దున్నే లేచి వస్తారు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. వాళ్ళ చేతుల బరువు మోయడం వరకే నా పని.

ఎక్కడో ఉత్తరాన ఒక ఫ్యాక్టరీలో పొడవాటి ఇనుప గొట్టంగా పుట్టాను. ఒక యంత్రం నన్ను నాలుగు చోట్ల వంచింది. మధ్యలో అడ్డకమ్మీ అతికి, నల్లరంగు పూసి, రెండు చివర్లకూ రబ్బరు తొడుగులు వేశారు. ఆ తొడుగుల మీద మనిషి చేయి పడినప్పటి నుంచి నాకు లోకం తెలియడం మొదలైంది. ముఖం చూసి మనిషిని అంచనా వేసేవాళ్ళు చాలామంది ఉంటారు. నాకు ముఖాల సంగతి అంతగా తెలియదు. ఎవరు నన్ను ఎంత గట్టిగా పట్టుకుంటారో తెలుసు. ఎందుకు అలా పట్టుకుంటారో తెలియడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది.

మొదట నన్ను పట్టుకున్నవాడు ప్రజ్వల్ అనే బెంగళూరు కుర్రవాడు. పందొమ్మిదేళ్ళవాడు. దిబ్బ దాటితే గొప్ప తనది, పడితే తప్పు నాది. పడ్డప్పుడల్లా లేచి, ముందు నన్ను ఒక తన్ను తన్ని, ఆ తరువాత మోకాలు చూసుకునేవాడు. అలా ఒకసారి పడ్డప్పుడే నా కుడి కొమ్ము వంగిపోయింది. వాడు నన్ను పిడికిలి బిగించి, పళ్ళు కొరుకుతూ పట్టుకునేవాడు. అయినా వాడి చేతులు అలిసేవి కావు. ఆ వయసులో ఒంట్లో బలం ఎంత ఉంటుందంటే, తప్పుగా పట్టుకున్నా ఆ తప్పు బయటపడదు. రెండేళ్ళకు వాడికి ఉద్యోగం దొరికింది. బండి మీద పాత దుప్పటి ఒకటి కప్పారు. చాలాకాలం దాని కిందే ఉన్నాను.

దుప్పటి తీసిన చేతులు చౌడప్పవి. చౌడప్పది హిందూపురం. పట్టుగూళ్ళ నుంచి దారం తీసే చిన్న షెడ్డు ఉంది. అప్పటికి నలభై మూడేళ్ళు. వయసులో ఉన్నప్పుడు పాత బండి మీద గూళ్ళ మూటలు కట్టుకుని పల్లెల మట్టి దారుల్లో తిరిగినవాడు. ఒక ఆదివారం గూళ్ళ కోసం కర్ణాటక వైపు పోయి, దారిలో మోటోక్రాస్ పందెం చూడటానికి ఆగాడు. నలభై దాటినవాళ్ళకు వేరే పందెం ఉందని అక్కడ మైకులో చెప్పారు. ఆ మాట ఆయనను వదల్లేదు. నెల తిరగకముందే గూళ్ళు తెచ్చే టెంపోలో నన్ను, నాతోపాటు బండిని తెచ్చాడు.

ఆయన భార్య సంజమ్మ వాకిట్లో నిలబడి బండి దించడం పూర్తయ్యేదాకా చూసింది.

"గూళ్ళు తెస్తానని పోయి, ఇదేం గూడు తెచ్చినావు?" అని మాత్రం అడిగింది.

మెకానిక్ దాదాపీర్ చౌడప్ప ఈడువాడే, చిన్నప్పటి స్నేహితుడు. అతను నన్ను విప్పి, బండ మీద పెట్టి, వంగిన కొమ్ము సరిచేశాడు. ఒకసారి సరిచేసిన ఇనుమును రెండోసారి సరిచేయకూడదని, అది చెప్పకుండా విరుగుతుందని అప్పుడే హెచ్చరించాడు. ఆ మాట చౌడప్ప విన్నాడో లేదో కానీ నేను విన్నాను.

బండి పెట్టడానికి వేరే చోటు లేక షెడ్డులోనే, తొట్ల పక్కన పెట్టారు. అక్కడ ఎప్పుడూ ఆవిరి. ఉడికిన గూళ్ళ వాసన. నా నల్లరంగు ఏడాదిలో పొరలు పొరలుగా లేచింది. కానీ ఆ షెడ్డులో నిలబడటం వల్ల ఒక లాభం కలిగింది. సంజమ్మ చేతులు చూశాను.

వేడినీళ్ళ తొట్టిలో గూళ్ళు మెత్తబడ్డాక, వాటి కొసలు వెతికి, ఎనిమిది గూళ్ళ పోగులు కలిపి ఒకే దారంగా చక్రానికి ఎక్కిస్తారు. ఒక గూడు అయిపోతే చక్రం ఆపకుండానే ఇంకో గూడు కొసను ఆ దారానికి అందించాలి. సంజమ్మ ఆ కొసను అందించడం చాలాసార్లు చూశాను కానీ, దాన్ని ఆమె ఎప్పుడు వదిలిందో ఒక్కసారీ కనిపెట్టలేకపోయాను.

చౌడప్ప చేతులు షెడ్డులో ఒకలా, బండి మీద ఒకలా ఉండేవి. బండెక్కగానే ప్రజ్వల్‌కు తమ్ముడైపోయేవాడు. అదే బిగింపు. కానీ ప్రజ్వల్ వయసు లేదు. పందెం ఏడు చుట్లు. మొదటి ఏడాది మూడో చుట్టులోనే ఆయన మోచేతి నుంచి మణికట్టు దాకా కండ రాయిలా గట్టిపడింది. వేళ్ళు మూసుకుపోయి, బ్రేకు నొక్కడానికి కూడా రాలేదు. పక్కకు తీసి ఆపేశాడు. హెల్మెట్ పట్టీ ఊడదీసుకోలేకపోతే దాదాపీర్ వచ్చి ఊడదీశాడు. మా ఊరి నుంచి పందేనికి వచ్చిన కుర్రవాళ్ళు చుట్టూ చేరి, "మామా, సీటు మీదికి దిండు తెమ్మంటావా?" అన్నారు. చౌడప్ప వాళ్ళతో కలిసి నవ్వాడు. నవ్వుతున్నంతసేపూ వేళ్ళు నా మీదే ఒత్తుకుని ఉన్నాయి.

ఇంకా బలం కావాలనుకున్నాడు. ఏడాదిపాటు పొద్దున్నే ఇటుకలు ఎత్తాడు, రబ్బరు బంతి పిసికాడు. రెండో ఏడాది పందెంలో నన్ను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. నాలుగో చుట్టులో, దిబ్బ దాటి కిందికి దిగేటప్పుడు చేతులు ఒక్కసారిగా వదిలేశాయి. బండి ఒకవైపు, ఆయన ఒకవైపు పడ్డారు. కుడి బొటనవేలు విరిగింది.

తరువాత ఆరు వారాలు చౌడప్ప తొట్టి మీద కూడా సంజమ్మే కూర్చుంది. రెండు తొట్లు ఒక మనిషి నడపడం అంటే కూర్చోవడమే ఉండదు. సాయంత్రాలు చేతులు చన్నీళ్ళలో పెట్టుకుని గోడకు ఆనుకునేది. బొటనవేలి కట్టుతో చౌడప్ప ఆ పక్కన స్టూలు మీద కూర్చుని, నీళ్ళు మార్చనా అని అడిగేవాడు.

కట్టు విప్పిన రోజు తన తొట్టి దగ్గర కూర్చున్నాడు. దారం తెగింది. అతికాడు. మళ్ళీ తెగింది. ఐదోసారి తెగినప్పుడు సంజమ్మ లేచి వచ్చి, ఆయన మణికట్టు కింద తన చేయి పెట్టి పైకెత్తింది.

"నువ్వు దాన్ని పట్టుకుంటాండావు," అంది. "పట్టుకోవద్దు. చేతిలో ఉండనీ."

చౌడప్ప తొట్టి వైపు కాక, తల తిప్పి నా వైపు చూశాడు. అది సంజమ్మ కనిపెట్టింది. అప్పుడే ఒక షరతు పెట్టింది. ఆదివారం బండి తోలి వచ్చినాక ఒక తొట్టి దారం తీయాలి. తెగకుండా వస్తే మరుసటి ఆదివారం మళ్ళీ పోవచ్చు. తెగితే ఆ మరుసటి ఆదివారం బండి షెడ్డులోనే. పందెం రోజుకూ అదే మాట, కాకపోతే ఆ రోజు తెగితే బండి అమ్మేయాలి.

"ఈ చేతులు నీయొక్కనివే అనుకుంటాండావు," అంది. "ఇల్లంతా వాటి మీద ఉండాది."

మొదటి ఆదివారమే దారం తెగింది. ఆ తరువాతి ఆదివారం నేను షెడ్డులో, బండి ఎక్కడానికి లేని చౌడప్ప ఊరి బయట మేము తోలే బీడులో. ఏం చేయాలో తోచక, కుర్రవాళ్ళు బండ్లు తోలే దారంతా చెప్పులు విడిచి నడిచాడట. ఎక్కడ మట్టి వదులుగా ఉంది, ఎక్కడ తేమ నిలిచింది, కుర్రవాళ్ళు ఎక్కడ అనవసరంగా బ్రేకు నొక్కుతున్నారు, అన్నీ చూశాడట. సాయంత్రం దాదాపీర్‌కు చెబుతుంటే విన్నాను. బండి మీద కూర్చుని రెండేళ్ళలో చూడనిది, కాలినడకన ఒక్క పూటలో చూశానన్నాడు. ఆ ఏడాది అలాంటి ఆదివారాలు పద్నాలుగు వచ్చాయి. శిక్ష వేసినవాళ్ళకూ పడినవాళ్ళకూ తెలియకుండానే ఆయనకు చదువు సాగింది.

మార్పు నాకు ఒక్కరోజులో తెలియలేదు. ఒకసారి దిబ్బ ఎక్కుతున్నప్పుడు నా మీద పడాల్సిన బరువు పడలేదు. ఏమైందా అనుకున్నాను. చౌడప్ప మోకాళ్ళతో ట్యాంకును పట్టుకున్నాడు. ఒంటి బరువు కాళ్ళ మీదికి పోయింది. ఇంకో వారం బ్రేకు మీద రెండు వేళ్ళే ఉంచాడు. తోలేటప్పుడు ఊపిరి బిగబట్టే అలవాటు కూడా పోయింది. బలంతో చేసేది తగ్గుతున్నకొద్దీ ఆయన వేగం పెరగడం నాకు విచిత్రంగా తోచింది. కుర్రవాళ్ళు మాత్రం ఆయన బండికి దాదాపీర్ ఏదో చేశాడని అనుమానించి, ఒకరోజు వచ్చి ఇంజను చుట్టూ వంగి చూసి పోయారు.

ఆ ఏడాది చివర్లో రెండుమూడుసార్లు దారం తెగినా సంజమ్మ ఏమీ అనలేదు. ఆవిరి అడ్డమొచ్చి చూడలేదేమో అనుకున్నాను. చౌడప్ప కూడా అలాగే అనుకున్నట్టున్నాడు. చెప్పకుండా అతికేసి, ఏమీ ఎరగనట్టు చక్రం వైపు చూసేవాడు.

మూడో పందెం రోజు వచ్చింది. చౌడప్పకు నలభై ఆరు. బండిని టెంపో ఎక్కిస్తుంటే సంజమ్మ వాకిట్లోకి వచ్చింది. జాగ్రత్త అనలేదు.

"నాలుగింటికి పొయ్యి వెలిగిస్తా," అంది.

ఆ రోజు మొదటి మూడు చుట్లు చౌడప్ప వెనకే ఉన్నాడు. నాలుగో చుట్టులో, బొటనవేలు విరిగిన దిబ్బ దగ్గరికి రాగానే ఆయన వేళ్ళు నా మీద బిగుసుకున్నాయి. ఒక్క క్షణమే. దిబ్బ ఎక్కేలోపు మళ్ళీ వదులయ్యాయి. అక్కడి నుంచి ముందున్నవాళ్ళు ఒక్కొక్కరే అలిసిపోవడం మొదలైంది. వాళ్ళ వేగం తగ్గింది. మా వేగం పెరగలేదు, కానీ అలాగే ఉంది. ఏడో చుట్టుకు మేము నాలుగో స్థానంలో ఉన్నాం. మూడోవాడు మా ముందు నాలుగు బారల దూరంలో, చేతులు బిగుసుకుపోయి మూల తిరగలేక అవస్థ పడుతున్నాడు. మొదటి ముగ్గురికీ కప్పులు.

చివరి దిబ్బ. చౌడప్ప కుడి చేయి యాక్సిలరేటర్ మీద తిరగబోయింది. వేళ్ళు ఒక్కొక్కటే ముడుచుకుంటున్నాయి. పాత పిడికిలి తిరిగి వస్తోందని తెలిసింది. తరువాత ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. వేళ్ళు తెరుచుకున్నాయి. మేము నాలుగోవాళ్ళుగానే గీత దాటాం.

బండి ఆపి, హెల్మెట్ పట్టీ తానే ఊడదీసుకున్నాడు. ఊడదీయడానికి చేయి చాపి వచ్చిన దాదాపీర్ ఆ చేత్తో తన తలే గోక్కున్నాడు. దిండు తెమ్మంటావా అన్న కుర్రవాడు పరుగెత్తుకొచ్చి, "ఇంకొంచెం తిప్పింటే కప్పు నీదే మామా," అన్నాడు.

"నిజమేరా," అన్నాడు చౌడప్ప. "నాలుగింటికి తొట్టి కాడ కూర్చోవాల్సి ఉండాది."

వాడికేమీ అర్థం కాలేదు.

మేము షెడ్డు చేరేసరికి పొయ్యి వెలుగుతోంది. సంజమ్మ పక్క తొట్టి మీద పని చేసుకుంటోంది. ఎన్నోవాడిగా వచ్చావని అడగలేదు. చౌడప్ప చేతులు కడుక్కుని కూర్చున్నాడు. కొసలు వెతికాడు, ఎనిమిది పోగులు కలిపాడు, చక్రం తిరిగింది. ఒక గూడు అయిపోయింది, ఇంకోటి అందించాడు. అది కూడా అయిపోయింది. తొట్టిలో గూళ్ళు సగానికి వచ్చాయి. తరువాత పదే మిగిలాయి. నేను ఇనుపగొట్టాన్ని, నాకు ఊపిరి లేదు. ఉంటే బిగబట్టి ఉండేదాన్ని.

అప్పుడు దారం తెగింది.

సంజమ్మ తల అటువైపు తిరిగి ఉంది. అతికేస్తే ఎవరికీ తెలియదు. ఆ ఏడాది రెండుమూడుసార్లు అలాగే చేశాడు కూడా. కానీ ఈసారి చౌడప్ప చక్రం ఆపి, చేతులు ఒడిలో పెట్టుకున్నాడు.

"తెగింది," అన్నాడు.

"తెలుసులే. అతుకు."

"తెగితే బండి అమ్మాలంటివి కదా."

సంజమ్మ తన చక్రం ఆపకుండానే మాట్లాడింది. "నా చేతిలో తెగదా దారం? పొద్దున్నుంచి మూడుసార్లు తెగింది. తెగితే నేను చూడకుండా నువ్వు అతికేది కూడా నాకు తెలుసు."

చౌడప్ప తల దించి తన చేతులు చూసుకున్నాడు.

"నేను చూస్తాండింది దారాన్ని కాదు," అంది. "నీ బొటనవేలిని. పోయినేడు పందెం అయినాక అది వంగలేదు. ఇప్పుడు అతుకు, చూస్తా."

చౌడప్ప నీళ్ళలోంచి కొస తీశాడు. బొటనవేలు, చూపుడువేలు కలిశాయి, విడిపోయాయి. చక్రం తిరిగింది. ఆయన కొసను ఎప్పుడు వదిలాడో నేను కనిపెట్టలేకపోయాను.

ఇది జరిగి ఆరేళ్ళయింది. ఆ తరువాత చౌడప్ప ఒకసారి మూడోవాడిగా వచ్చాడు, ఒకసారి రెండోవాడిగా. యాభై దాటాక అంతకు ముందుకన్నా బాగా తోలుతున్నాడని దాదాపీర్ అంటాడు. నలభై తొమ్మిదో ఏట ఒక రాయి తగిలి బండి పడినప్పుడు ఆయనకేమీ కాలేదు. నా కుడి కొమ్ము మాత్రం పాత చోటే మళ్ళీ వంగింది. దాదాపీర్ నన్ను బండ మీద పెట్టి అటూ ఇటూ తిప్పి చూసి, తల అడ్డంగా ఊపాడు. బండికి కొత్త హ్యాండిల్ వచ్చింది.

నన్ను పాత సామాన్లవాడికి వేయబోతుంటే సంజమ్మ అడ్డం పడింది. ఇప్పుడు షెడ్డు గోడకు, తొట్ల పైన, రెండు మేకులతో ఉన్నాను. తడి పట్టుదారం చుట్టలు ఆరడానికి నా మీదే వేలాడదీస్తుంది. వంగిన కొమ్ము నుంచి అవి జారిపోవు. నా మీద వేసినవాటిలో ఇంత తేలికైనవి ఎప్పుడూ లేవు. మొదట్లో, వేశారో లేదో కూడా తెలిసేది కాదు.

ఈరోజు ఆదివారం. నాలుగయింది. కింద పొయ్యి వెలిగింది. సంజమ్మ తొట్టి నీళ్ళలో వేలు పెట్టి చూసింది. వేడి సరిపోయింది. గూళ్ళ బుట్ట పక్కనే ఉంది కానీ, ఇంకా వేయలేదు. తల కొంచెం వంచి వీధి వైపు వింటోంది.

మలుపు దగ్గర టెంపో శబ్దం వినిపించింది. అప్పుడు గూళ్ళు నీళ్ళలో వేసింది.