గడియ ఊడదీసిన తలుపు

బ్రష్షు నోట్లోనే ఉంది. ఆ పిల్ల మాత్రం అమ్మ గది తలుపుకు చెవి ఆనించి నిలబడింది. లోపలినుంచి శబ్దం వస్తోంది. ఎవరో గబగబా గాలి పీల్చి, ముక్కలు ముక్కలుగా వదులుతున్నట్టు. ఫు, ఫు, ఫు, ఫు. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ మొదలు.

పొద్దున్నే ఒక గది తలుపు మూసి ఉంటే లోపల ఎవరో నిద్రపోతున్నారనుకుంటాం. ఆ ఇంట్లో అలా కాదు. గోడలకు రంగులు వేసే నాన్న కిందటి నెలలో స్నానానికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. నీళ్ళ చప్పుడు వస్తూనే ఉంది, మనిషి రాలేదు. తలుపు పగలగొట్టేసరికే ఆయన గుండె ఆగిపోయింది. అప్పటినుంచి ఏ తలుపు మూసి ఉన్నా ఆ పిల్లకు కాళ్ళూ చేతులూ ఆడవు.

"అమ్మా" అని పిలిచింది మెల్లగా.

శబ్దం ఆగింది. గడియ తీసిన తల్లి ముఖం నిండా చెమట.

"ఏం చేస్తున్నావమ్మా?"

"ఏం లేదే. కాస్త నడుం వాల్చా."

నడుం వాల్చిన మనిషికి అంత చెమటా? అడగడానికి నోరు రాలేదు. అసలే మాట తక్కువ పిల్ల. భయాన్ని కూడా కడుపులోనే దాచుకుంది.

నాన్నకు అక్క అయిన మేనత్త వాళ్ళకు తోడుగా ఉంటోంది. ఆవిడకు ఏదీ కడుపులో దాగదు.

"మీ అమ్మ తలుపేసుకుని ఏం చేస్తుందే?"

"ఏడుస్తుందేమో అత్తా."

"ఏడ్చే మనిషి నలుగురిలో కూర్చుని ఏడుస్తుంది. ఎదురింటావిడ నిన్న నన్ను పట్టుకుని, మీ మరదలి కళ్ళు తడిగా కనిపించవేంటి అనడిగింది. ఏం చెప్పను? కుళాయి కట్టేశారని చెప్పనా?"

తల్లి చొక్కాల కంపెనీలో కాలర్లు కుడుతుంది. ఆమె పనికి వెళ్ళిన ఒక రోజు ఆ పిల్ల దుప్పటి మారుద్దామని పరుపు ఎత్తింది. కింద ఒక పొడవాటి పట్టీ. ఎలాస్టిక్ ముక్కలు ఒకదానికొకటి గట్టిగా కలిపి కుట్టి, రెండు చివర్లా ఉచ్చులా మడిచి ఉంది. ఆ పిల్ల పరుగున వెళ్ళి అత్తను పిలుచుకొచ్చింది.

అది చూసిన మేనత్త నేల మీద కూలబడింది. "తమ్ముడు వెళ్ళిన దారిలోనే ఇదీ వెళ్దామనుకుంటోందే" అంది. గొంతులో ఎప్పటి గట్టితనం లేదు.

నాన్న పనిముట్ల సంచిలోంచి స్క్రూ డ్రైవర్ తీసి ఆవిడే గడియ ఊడదీసింది. తలుపంతా నాన్న వేసిన నీలం రంగు. గడియ ఉన్న చోట మాత్రం పాత ఆకుపచ్చ బయటపడింది. పట్టీని ఆవిడ తన పెట్టెలో దాచి తాళం వేసింది.

సాయంత్రం తల్లి తలుపు వైపు చూసింది. పరుపు కింద చెయ్యి పెట్టి వెతికింది. ఏమీ అనలేదు. వీళ్ళూ ఏమీ అడగలేదు. అనుకున్నదే నిజమన్నట్టు మేనత్తా, మేనకోడలూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

మర్నాటినుంచి ఆ శబ్దం లేదు. అయినా భయం తగ్గలేదు. తల్లికి ముద్ద దిగేది కాదు, కంటి మీద కునుకు పడేది కాదు. కాలర్లు వంకరపోతున్నాయని కంపెనీలో మందలించారు. ఆమె ఎక్కడికి కదిలినా రెండు జతల కళ్ళు వెంట నడిచేవి.

ఒక పొద్దున పనికి బయలుదేరిన తల్లి గుమ్మం దగ్గరే గుండె పట్టుకుని కూర్చుండిపోయింది.

"ఊపిరి ఆడట్లేదు" అంది. పెదవులు పాలిపోయాయి.

ఆ పిల్లకు నీళ్ళ చప్పుడు వినిపించింది. ఇంట్లో ఏ కుళాయీ తిప్పి లేదు.

మేనత్త ఆటో కోసం వీధిలోకి పరుగెత్తింది. తల్లి నేల మీదే వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచింది. తల కొంచెం ఎత్తి, చేతులు రెండు పక్కలా చాచి, నేలకు తగలకుండా చిన్నగా కిందికీ పైకీ ఆడించింది. గాలి పీల్చింది. ఫు, ఫు, ఫు, ఫు.

అదే శబ్దం. తలుపు అవతల తాను వణుకుతూ విన్న శబ్దం. అప్పుడు దాన్ని అమ్మ పోతున్న శబ్దమనుకుంది. ఇప్పుడు కళ్ళ ముందే అమ్మ ముఖంలోకి రంగు తిరిగి వస్తోంది.

ఆసుపత్రిలో పరీక్షలు చేశారు. గుండె బాగానే ఉంది, ఊపిరి ఆడకుండా చేసింది భయమేనన్నారు. ఇంటికొచ్చాక తల్లి నోరు విప్పింది.

"దాన్ని పిలాటిస్ అంటారు వదినా, ఊపిరి తీస్తూ చేసే వ్యాయామం. మిషను మీద వంగి వంగి నడుం పట్టేస్తే అప్పట్లో ఆసుపత్రిలో నేర్పారు. ఆ పట్టీ పాదాలకు తగిలించి లాగడానికి నేనే కుట్టుకున్నా. ఆయన పోయాక పొద్దున లేస్తూనే గుండెల మీద బండ పెట్టినట్టుండేది. అది చేస్తే, ఇదిగో ఈ ఊపిరి నాదే, ఆడుతోంది అని తెలిసేది. ఆ ధైర్యంతోనే రోజు గడిచేది."

"మరి నాతో చెప్పవేంటే?"

"మొగుడు పోయి నెలైనా కాలేదు, ఒళ్ళు చూసుకుంటోంది అంటారని."

మేనత్త పెట్టె తాళం తీసి పట్టీ తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టింది. "ఎవరో ఎందుకు, నేనే అనేదాన్ని" అంది. "కన్నీళ్ళు కనిపించలేదని లెక్కలు అడిగినదాన్ని, ఎలా ఉన్నావని ఒక్కసారీ అడగలేదు. నీ ప్రాణం కాపాడాలని నీ ఊపిరే తీసుకెళ్ళి పెట్టెలో పెట్టా."

ఆవిడే గడియ మళ్ళీ బిగించింది. కాస్త వంకరగా వచ్చింది. ఆకుపచ్చ అంచు ఇంకా కనిపిస్తూనే ఉంది.

మర్నాడు పొద్దున తలుపు మూసి ఉంది. లోపల ఆ శబ్దం. ఆ పిల్ల అలవాటుగా తలుపుకు చెవి ఆనించబోయి ఆగింది. ఈసారి తలుపు తట్టింది.

"అమ్మా, నేనూ రానా?"

"గడియ వెయ్యలేదే. దుప్పటి తెచ్చుకుని రా."

మనవాళ్ళ కోసం భయపడటం తప్పు కాదు. దుఃఖంలో ఉన్న మనిషి తలుపు వేసుకుంటే గడియ ఊడదీయకండి, తలుపు తట్టి అడగండి.