ఒంటి గీత డిస్కు

నా కొట్లో గోడకి ఒక అట్టముక్క వేలాడుతూ ఉంటుంది. "బ్యాకప్ లేనివాళ్ళు బయట ఏడ్చి లోపలికి రండి" అని దాని మీద నా చేత్తో నేనే రాశాను. వచ్చినవాళ్ళు చదివి నవ్వుతారు. నవ్వడం అయ్యాక ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టి, "అన్నా, పిల్ల ఫొటోలన్నీ ఇందులోనే ఉన్నాయి" అని బిక్కమొహం వేస్తారు. అక్కణ్ణుంచి నేను అందుకుంటాను. పొద్దున్నే పళ్ళు తోముకోవడం గుర్తుంటుంది గానీ ఫైళ్ళు ఇంకోచోట దాచుకోవడం గుర్తుండదా? బ్యాగుతో సహా మంచం మీదికి విసిరేయడానికి ఇదేమన్నా బంతా? ఇరవై రెండేళ్ళుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. నోరు కాస్త తగ్గించుకోమని చెప్పినవాళ్ళు చాలామందే ఉన్నారు. పని తెలిసినవాడి నోరు ఇలాగే ఉంటుంది, పడితే పడండి లేకపోతే లేదు అనేవాణ్ణి.

ఆ రోజు పది గంటలకి మా అక్క వచ్చింది. తువ్వాలులో చుట్టిన ల్యాప్‌టాప్‌ని రెండు చేతులా పట్టుకుని మెట్లెక్కింది.

"ఆన్ అవడం లేదురా చంటీ."

నాకు నలభై ఆరేళ్ళు. అక్కకి ఇంకా చంటినే.

"మీటల్ని మళ్ళీ కొట్టారా బావగారు?" అన్నాను, తల కూడా ఎత్తకుండా.

"లేదురా, ఒట్టు. నేను పక్కనే కూర్చుని చూస్తూనే ఉన్నాను. మూడు రోజులైంది. తెర నల్లగా వస్తుంది, రెండు ముక్కలు తెల్లగా ఏదో రాస్తుంది, అంతే. ఆయన వేలు చూపించి మూలుగుతున్నారు. ఏం కావాలో తెలిసి చావదు నాకు." "అన్నీ దాంట్లోనే ఉన్నాయిరా. ఆరువందల నలభై మాటలు."

ఆ మాటల సంగతి చెప్పాలి. మా బావగారు వడ్రంగి. తలుపులు, బీరువాలు చేసేవారు. చేతిలో సుత్తి, నోట్లో మేకులు ఉన్నా మాట మాత్రం ఆగేది కాదు. నాలుగేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒకేసారి పోయాయి. అన్నీ అర్థమవుతాయి. నోరు తెరిస్తే మాత్రం మూలుగే వస్తుంది. మాటలు నేర్పే డాక్టరమ్మ ఒక ప్రోగ్రాం చూపించింది. తెర మీద బొమ్మల కార్డులుంటాయి. బాణం మీటలతో కావలసిన బొమ్మ దగ్గరికి వెళ్ళి ఎంటర్ నొక్కితే ఆ మాట బయటికి వినిపిస్తుంది. అక్క ఇల్లంతా తిరిగి ఫొటోలు తీసింది, ఒక్కో మాటా తన గొంతుతో రికార్డు చేసింది. నీళ్ళు, దిండు, కిటికీ మూయి, కాలు తిమ్మిరి ఇలాంటివి తొందరగానే అయ్యాయి. తక్కినవి ఆయన మనసులోంచి లాగాల్సి వచ్చింది. ఆయన అడుగుతున్నది తన పాత కొట్లో ఉండిపోయిన, చెక్క నునుపు చేసే చిన్న చిత్రిక అని తెలుసుకోడానికి అక్కకి ఒక పూట పట్టింది. ఒక్కో కార్డు వెనకా అలాంటి పూట ఒకటుంది. అది పోతే మళ్ళీ ఎక్కడ మొదలుపెట్టాలి?

ఆ ల్యాప్‌టాప్ ఇచ్చింది నేనే.

"సరే, కూర్చో. ఏం కాదులే," అని స్టూలు జరిపాను. బ్యాటరీ తీసి, మీట అర నిమిషం నొక్కి పట్టుకుని, మళ్ళీ పెట్టాను. లైటు వెలిగింది. ఫ్యాను తిరిగింది. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు వచ్చాయి. డిస్కు కనబడటం లేదని దాని గోల. ఒక్కోసారి తప్పు ఇంకోచోట ఉండి నింద డిస్కు మీద పడుతుంది. అందుకని ర్యామ్ బయటికి తీసి, దాని ఇత్తడి రంగు అంచుని రబ్బరుతో తుడిచి మళ్ళీ బిగించాను. అవే తెల్ల అక్షరాలు. చెవి ఆనించి విన్నాను. టిక్... టిక్... టిక్.

"చూశావా, దెబ్బలకి డిస్కు పోయింది," అన్నాను. "సుత్తి పట్టిన మనిషి కదా. ఎన్నిసార్లు చెప్పాను, అది మేకు కాదని!"

అక్క తల వంచుకుంది. తప్పు చేసిన పిల్లలా చీర కొంగు వేలికి చుట్టుకుంది.

అడుగు రేకు మరలు విప్పి డిస్కు బయటికి లాగి తిరగేశాను. దాని మీద ఎర్ర మార్కరుతో ఏటవాలుగా ఒక గీత ఉంది. గీత కింద తేదీ. రాత నాదే.

నా బల్ల కింద నీలం బకెట్ ఒకటుంటుంది. పాడైన డిస్కులు అందులో పడేస్తాను. పూర్తిగా చచ్చినదానికి రెండు గీతలు, అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి. ఒంటి గీతంటే ఇంకొన్నాళ్ళు ఈడుస్తుంది గానీ ఎవరి మిషన్లోనూ వెయ్యకూడదని గుర్తు. ఈ లెక్క నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు. ఆ తేదీ అక్కకి ల్యాప్‌టాప్ ఇవ్వడానికి రెండు రోజుల ముందుది.

తల కొట్టేసినట్టయింది. అంతా గుర్తొచ్చింది. ఆ పూట చేతిలో కొత్త డిస్కు లేదు, తెప్పిస్తే మర్నాటికి వస్తుంది. అక్క ఫోన్ మీద ఫోన్ చేస్తోంది. బకెట్లోంచి ఒకటి తీసి బిగించాను, వారంలో మారుద్దాంలే అనుకుని. "కొత్తదే వేశావా?" అని అక్క అడిగితే "ఊఁ" అన్నాను. ఆ ఒక్క ఊఁ పట్టుకుని అక్క చుట్టాలందరికీ చెప్పింది, నా తమ్ముడు కొత్త డిస్కు వేసి మరీ ఇచ్చాడని. అంతమంది మెచ్చుకున్నాక నోరు పెగల్లేదు. వారం నెలైంది, నెల మూడేళ్ళయింది.

ఆర్నెల్లకే అది మొరాయించడం మొదలుపెట్టింది. బావగారు నీళ్ళ కార్డు నొక్కితే తెర మీద చక్రం తిరుగుతూనే ఉండేది. నలభై అంకెలు లెక్కపెట్టాక "నీళ్ళు" అనేది. ఈలోగా ఆయన విసిగి పదిసార్లు నొక్కేవారు, అది పదిసార్లూ అనేది. అక్క ఫోన్ చేస్తే, చూడకుండానే, ఉన్న చోటునుంచి కదలకుండానే చెప్పేశాను. కొట్టేస్తున్నారు, అందుకే. ఒకసారి వాళ్ళింట్లో నలుగురూ ఉండగా ఆయన మొహం మీదే అన్నాను. "బావగారూ, అది మేకు కాదు!" అందరూ పడీ పడీ నవ్వారు. కదిలే సగం మూతితో ఆయనా నవ్వారు. ఆడలేక మద్దెల ఓడనడం విన్నాం గానీ, ఓటి మద్దెల నేనే ఇచ్చి వాయించేవాణ్ణి తిట్టాను.

"ఏమిట్రా అది, ఆ ఎర్ర గీత?" అంది అక్క.

గురివిందకి తన కింది నలుపు తెలియదంటారు. నాకు తెలుసు. తెలిసే అన్నాను: "అదా... కంపెనీవాళ్ళు పెడతారు."

"వస్తాయంటావా మాటలు?"

"చూస్తాను. నువ్వింటికెళ్ళు. బావగారు ఒక్కరే ఉన్నారుగా."

అక్క మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి, "నువ్వున్నావు కాబట్టి సరిపోయిందిరా," అంది. ఆ మాట కన్నా ఓ చెంపదెబ్బ కొట్టినా బాగుండేది.

షట్టరు సగం దించాను. డిస్కుని నా కంప్యూటర్‌కి బయటనుంచి తగిలించి, వేడెక్కకుండా ఎదురుగా చిన్న ఫ్యాను పెట్టి, ఒక్కో ఫైలూ లాగడం మొదలుపెట్టాను. కాసేపు చదువుతుంది. టిక్కుమని ఆగుతుంది. ఆపి, చల్లారనిచ్చి, చదవలేని చోటు దాటించి మళ్ళీ మొదలుపెట్టాలి. మధ్యలో ఒకావిడ షట్టరు కింద వంగి, "బయట ఏడ్చే వచ్చానండీ," అంది నవ్వుతూ. మామూలుగా అయితే ఇంకో నాలుగు అనేవాణ్ణి. "రేపు రండమ్మా," అన్నాను. ఆవిడ నాకేమైందో అన్నట్టు చూసి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం మూడు గంటలకి ఆరువందల రెండు వచ్చాయి. ముప్ఫై ఎనిమిది రాలేదు. చిన్న చిత్రిక వచ్చింది. ప్రాణం లేచొచ్చింది నాకు. కొత్త డిస్కు, ఈసారి నిజంగానే కొత్తది, బిగించి ప్రోగ్రాం ఎక్కించి తెరిచాను. కార్డులు గబగబా వరుసకట్టాయి. ఒక్కో కార్డు మూలనా చిన్న అంకె ఉంటుంది, ఎన్నిసార్లు నొక్కారో చెబుతుంది. ఎక్కువ నొక్కినది ముందుకొస్తుంది. మొదటిది నీళ్ళు. అది అనుకున్నదే.

రెండోది "నేను కాదు".

ఆ కార్డు పుట్టిన రోజు నేనక్కడే ఉన్నాను. బిస్కెట్ల డబ్బా ఖాళీ అయితే అక్క నిలదీసింది. నేను కాదని బావగారు ఎడం చెయ్యి అడ్డంగా ఊపారు, గడ్డం మీద పొడి అంటుకునే ఉంది. అక్క నవ్వు ఆపుకోలేక, ఆ నవ్వుతోనే "నేను కాదు" అని రికార్డు చేసింది. బిస్కెట్ల కోసం ఏ పదిసార్లో నొక్కి ఉంటారు. ఇక్కడ పద్ధెనిమిది వందల పైచిలుకు ఉంది.

నాకు తెలుసు ఎప్పుడు నొక్కారో. నేను ఫోన్లో అక్కకి క్లాసు పీకుతుంటే వెనకనుంచి వినబడేది, అక్క గొంతే, నవ్వుతూ: నేను కాదు. నేను కాదు. "విన్నావా, మీ బావ దొంగవేషాలు," అనేది అక్క. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. మనిషి తన తప్పు లేదని మూడేళ్ళు మొత్తుకుంటే మేం నవ్వాం.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. డిస్కు మీద రెండో గీత గీసి బకెట్లో పడేస్తే కథ కంచికి. పైగా మాటలు తిరిగి తెచ్చినవాడినని ఇంకో రౌండు మెప్పు. ఆ ఆలోచన రాలేదని అబద్ధమాడను. వచ్చింది. డిస్కు చొక్కా జేబులో వేసుకుని కొట్టు మూశాను.

అయిదింటికి వాళ్ళింటికి వెళ్ళేసరికి అక్క వంటింట్లో గిన్నెలు సర్దుతోంది. నా చేతిలో ల్యాప్‌టాప్ చూడగానే మొహం వెలిగింది.

"వచ్చాయా?"

"వచ్చాయి. ముప్ఫై ఎనిమిది తప్ప." జేబులోంచి డిస్కు తీసి గట్టు మీద పెట్టాను. "అక్కా, ఆ గీత కంపెనీది కాదు. నాది. పాడైనదని తెలిసే వేశాను. బావగారు కొట్టడం వల్ల కాదు, ఏం కాదు. మొదటినుంచీ అది అంతే."

అక్క గిన్నె పట్టుకుని నిలబడిపోయింది. "మొదటినుంచీ అంటే?"

"మొదటి రోజునుంచీ."

తిడుతుందనుకున్నాను. తిడితే తేలికపడేవాణ్ణేమో. గిన్నె కింద పెట్టి నెమ్మదిగా అంది: "నీ మాట విని దాన్ని బీరువా మీద పెట్టానురా. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట. కొడితే పాడవుతుందన్నావుగా. మధ్యలో అడిగితే ఇచ్చేదాన్ని కాదు. ఒకసారి వేలు చూపించి మారాం చేస్తే..." ఆగింది. "చెయ్యి మీద కొట్టాను. ఆ ఉన్న ఒక్క చెయ్యి మీద."

నేల చీలితే బాగుండుననిపించింది. "అక్కా..."

"నాకు చెప్పకు. నాకు చెప్పి ఏం లాభం? ఆయనకి చెప్పు."

బావగారు కిటికీ పక్క కుర్చీలో ఉన్నారు. చిన్న బల్ల ముందుకు లాగి ల్యాప్‌టాప్ తెరిచి పెట్టాను. ఆయన నా వైపు చూసి, వేలితో చాలా మెల్లగా, తాకీ తాకనట్టు ఎంటర్ నొక్కారు. మూడేళ్ళుగా మేం నేర్పిన భయం అది. నొక్కీ నొక్కకముందే "నీళ్ళు" అంది. ఆయన ఉలిక్కిపడ్డారు. మళ్ళీ నొక్కారు. నీళ్ళు. సగం మూతి నవ్వింది. కిటికీ. దిండు. చిన్న చిత్రిక. ఒకదాని వెనక ఒకటి, ఎక్కడా ఆగకుండా.

నేను కింద కూర్చున్నాను. ఆయన మొహం చూసే ధైర్యం లేక మోకాళ్ళకేసి చూస్తూ చెప్పాను. బకెట్ సంగతి, గీత సంగతి, ఊఁ సంగతి, అన్నీ. మేకు అని నలుగురిలో నవ్వించిన సంగతి కూడా. "మీ చెయ్యి వల్ల కాదు బావగారూ. ఎప్పుడూ కాదు. నాకు తెలిసే మీ మీద వేశాను."

ఆయన తెర వైపు తిరిగారు. తర్వాత బాణం మీట టకటకమంది. కార్డుల్లో "వెధవ" ఒకటుంది, ఆయన పట్టుబట్టి చేయించుకున్నది. అది వచ్చిన ఆరువందల రెండులోనే ఉంది. దానికోసం వెతుకుతున్నారనుకుని ఎదురుచూశాను. వినబడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"నేను కాదు," అంది ల్యాప్‌టాప్, అక్క నవ్వు గొంతుతో.

"కాదు బావగారూ," అన్నాను. "నేను."

"నేను కాదు."

"మీరు కాదు. నేను."

మళ్ళీ నొక్కారు. ఈసారి గట్టిగా. బల్ల అదిరింది. గుమ్మంలో అక్క నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను కాదు. నేను. నేను కాదు. నేను. ఆయన పిడికిలి బిగించి, మేకు దిగ్గొట్టినట్టు కొడుతూనే ఉన్నారు. మెల్లగా అని మాలో ఎవరమూ అనలేదు.