గోడ దిగిన పిల్లి

తెల్లారి ఐదింటికల్లా ఆమె ఆసుపత్రి వంటగదిలో ఉండేది. రోగుల భోజనాలు తూచడం ఆమె పని. షుగరున్నవాళ్లకి ఎంత, కిడ్నీ జబ్బువాళ్లకి ఉప్పు ఎంత, ఆపరేషనయినవాళ్లకి ఎన్ని చెంచాల జావ, అన్నీ ఆమె చేతి మీదుగానే వార్డులకి వెళ్లేవి. పద్దెనిమిదేళ్లలో ఒక్క పళ్లెం తేడాపడలేదు. అక్కడ అందరూ ఆమెని కొలతలక్క అనేవాళ్లు. మధ్యాహ్నం రెండింటికి ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూ తలెత్తి పైకప్పు వైపు చూసేది. పిల్లి అక్కడ తిరుగుతూ ఉండేది.

అది తమ్ముడి పిల్లి. అబిసీనియన్ జాతి. పెద్ద చెవులు, సన్నటి ఒళ్లు, కాలు ఒకచోట నిలవదు. ఆ జాతి పిల్లులు బీరువాలెక్కుతాయి, కర్టెన్లు పట్టుకుని వేలాడతాయి. ఇది గోడల మీద కూడా నడిచేది. నేల మీద నడుస్తూ నడుస్తూ గోడెక్కి, అట్నుంచి పైకప్పు మీదికి, బుద్ధిపుడితే కిటికీలోంచి బయటి గోడ మీదికి వెళ్లిపోయేది. ఆ మేడలో ఎవరికీ అదో విశేషంగా తోచలేదు. కింది వాటా ఆయన గోడలకి రంగు వేయించినప్పుడు మాత్రం వచ్చి, "తడారేదాకా రెండ్రోజులు దాన్ని లోపలే ఉంచండమ్మా, అడుగులు పడతాయి" అని చెప్పి వెళ్లాడు.

తమ్ముడు ఓడలో మెకానిక్కు. ఏడాది ఒప్పందం మీద వెళ్తూ, పిల్లిని అక్కకి అప్పజెప్పాడు.

"రోజుకి అరవై గ్రాముల పిల్లి గింజలక్కా. మూడు పూటలుగా పెట్టు. ఒకటే తిరుగుడు కాబట్టి ఆ మాత్రం కావాలి, అంతకు మించి వద్దు. అయినా నీకు నేను చెప్పడమేంటిలే."

మొదటి నెల ఆమె తూచే పెట్టింది. కానీ పిల్లి ఎంతసేపూ తల మీదెక్కడో ఉండేది. పిలిస్తే పలికేది కాదు. గింజల డబ్బా మూత చప్పుడయితే మాత్రం దిగొచ్చేది. తిన్నాక కాసేపు ఒళ్లో ముడుచుకునేది. మాట్లాడే మనిషి లేని ఇంట్లో ఆ వెచ్చదనం ఆమెకి అలవాటైపోయింది. మూత నాలుగోసారి తీసింది, మర్నాడు ఐదోసారి. తర్వాత లెక్క వదిలేసి త్రాసుని పై అరలో పెట్టేసింది.

నాలుగు నెలలు తిరిగేసరికి పిల్లి పైకప్పు మానేసింది. తర్వాత గోడ మీద తలుపంత ఎత్తు దాకా వెళ్లి ఆయాసపడేది. ఆఖరికి మోకాలెత్తు ఎక్కి జారిపోయేది. దాని పొట్ట నేలకి ఆనుతోంది. ఎంతసేపైనా ఒళ్లోనే పడుకుంటోంది. తనకి కావలసింది అదే కాబట్టి, ఆమె పొట్ట వైపు చూడటం మానేసింది.

సరిగ్గా వీళ్ల పైనే టైపు టీచరు ఒక్కతే ఉండేది. ముప్ఫయ్యేళ్లు టైపు నేర్పి మానుకున్న మనిషి. మోకాలు దెబ్బతిని మెట్లు దిగలేదు. లావవకముందు రోజూ మధ్యాహ్నం మూడింటికి పిల్లి బయటి గోడ మీదుగా ఆవిడ కిటికీకి వెళ్లేది. ఆవిడ దానికేమీ పెట్టేది కాదు, కబుర్లు చెప్పేది అంతే. ఒకరోజు కిటికీలోంచి వంగి అడిగింది.

"పిల్లి పైకి రావడం లేదేంటమ్మాయ్?"

"ఒంట్లో బాగాలేదు టీచర్ గారూ."

"మరి డాక్టరుకి చూపించావా?"

ఆ అబద్ధాన్ని నిజం చెయ్యడానికి ఆమె పిల్లిని బుట్టలో పెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లింది. నాలుగు కిలోలుండాల్సింది ఐదున్నర తూగింది.

"రోజుకి ఎంత పెడుతున్నారు?"

"అరవై గ్రాములండి."

డాక్టరు ఆమె మెడలోని ఆసుపత్రి కార్డు చూశాడు. "మీ పనే అది కదా, మిమ్మల్ని అనుమానించక్కర్లేదు. అయితే లోపలేదో ఉంది, రక్తం తీసి చూద్దాం" అన్నాడు.

వద్దనడానికి ఒక్క మాట చాలు. ఆమె అనలేదు. పిల్లి మెడ దగ్గర బొచ్చు గొరిగి సూది గుచ్చుతుంటే, దాని కాళ్లు తనే గట్టిగా పట్టుకుంది. పరీక్షలో ఏ జబ్బూ బయటపడలేదు. ఇంటికొచ్చాక, గొరిగిన ఆ మచ్చ చూడలేక, గుప్పెడు గింజలు ఎక్కువే పోసింది.

తర్వాతి వారంలో ఒకరోజు మూడింటికి పిల్లి గోడ దగ్గర నిలబడి అరవడం మొదలుపెట్టింది. ఎక్కుతోంది, జారుతోంది, మళ్లీ అరుస్తోంది. ఆమె గిన్నె నింపింది. తినలేదు. ఇంకాస్త పోసింది. కళ్లు పైకి పెట్టి అరుస్తూనే ఉంది. "ఏంటే నీ గోల" అని విసుక్కుని టీవీ శబ్దం పెంచింది.

ఏడింటికి మందులు తెచ్చిచ్చే మనిషి టీచరు తలుపు ఎంత కొట్టినా తియ్యకపోతే, వడ్రంగిని పిలిచి తలుపు తాళం ఊడదీశారు. టీచరు స్నానాలగది గుమ్మంలో పడి ఉంది. తుంటి ఎముక విరిగింది. మూడింటికి కాస్త ముందు పడిందట.

ఎవరూ ఆమెని ఏమీ అనలేదు. అనడానికి ఎవరికీ ఏమీ తెలియదు. మర్నాడు తెల్లారి వంటగదిలో కొత్త చీటీ వచ్చింది, ఎముకల వార్డు, పన్నెండో మంచం. పేరు చూసి ఆ పళ్లెం మూడుసార్లు తూచింది. మూడుసార్లూ సరిగ్గానే వచ్చింది. ఇంట్లో పై అరలో పెట్టేసిన త్రాసు గుర్తొచ్చి సిగ్గేసింది. పళ్లెం తనే పట్టుకుని వార్డుకి వెళ్లింది.

"టీచర్ గారూ, పిల్లికి జబ్బేమీ లేదు. నా ఒళ్లో కూర్చుంటుందని నేనే మేపేశాను. నిన్న మీరు పడ్డప్పుడు అది అరిచింది. నోరు ముయ్యడానికి గిన్నె నింపాను."

టీచరు మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

"నాలుగ్గంటలు నేల మీదున్నాను. పిల్లి వస్తుందని కిటికీ వంకే చూశాను," అంది. ఆ తర్వాత, "పళ్లెం అక్కడ పెట్టి వెళ్లు" అంది.

అదే రోజు ఆమె డాక్టరుకీ నిజం చెప్పింది. ఆయన కార్డు వైపు కాకుండా ఆమె మొహం వైపు చూసి, "ఒక్కసారే కడుపు మాడ్చకండి, కాలేయం పాడవుతుంది. వారం వారం కాస్త కాస్త తగ్గించండి" అన్నాడు. తమ్ముడికీ ఫోన్లో చెప్పింది. "నువ్వా అక్కా?" అన్నాడు, ఓడ ఇంజను చప్పుడు మధ్యలోంచి.

త్రాసు కిందికి దిగింది. పిల్లి డబ్బా దగ్గర కూర్చుని ఏడుస్తుంటే, ఆమె వంటింట్లో అటు తిరిగి నిలబడేది. పుల్లకి దారం కట్టి దాన్ని పరిగెత్తించేది. ఐదు నెలలు పట్టింది. మోకాలెత్తు, తలుపెత్తు, ఆ తర్వాత పైకప్పు. ఒళ్లోకి రావడం పూర్తిగా మానేసింది.

ఈలోగా టీచరుని వాళ్లన్నయ్య నాలుగు వీధుల అవతల తన ఇంటికి తీసుకెళ్లాడు. "ఒక్కదానివీ ఉంటే నీకేమైనా అయినా తెలిసేదెవరికి?" అని ఆవిడకి చెప్పి, ఐదో నెల మొదట్లో, ఆ నెలాఖరుకి వాటా ఖాళీ చేస్తామని యజమానికి కబురు పంపాడు.

ఆ నెల ఇరవయ్యో తారీఖున, మూడింటికి, పిల్లి కిటికీలోంచి బయటి గోడెక్కింది. పై అంతస్తు కిటికీ మూసి ఉంది. అక్కడ ఒక్క క్షణం ఆగి, పక్క మేడ గోడ పట్టుకుంది. ఆ తర్వాత బేకరీ గోడ, బడి గోడ. నాలుగు వీధులూ నేల తాకకుండా నడిచి, టీచరు పడుకున్న గది కిటికీలో కూర్చుంది. వదినగారు వచ్చి, "నీ కోసం పిల్లొచ్చింది" అని చెప్పి, కాఫీ పెట్టడానికి వెళ్లిపోయింది.

మర్నాడూ వచ్చింది. మూడోనాడు టీచరు వాళ్లన్నయ్యని పిలిచి, "తెలిసేదెవరికి అన్నావు కదా. దీనికి తెలుస్తుంది. నేను మా ఇంటికి పోతాను" అంది. ఆయన కిటికీ వైపు చూసి, వాటా యజమానికి ఫోన్ చేసి, ఖాళీ చెయ్యడం లేదని చెప్పాడు.

టీచరు చేతికర్రతో మెట్లెక్కి వచ్చిన రోజు, ఆమె తన వాటా తలుపు వెనకే నిలబడి ఉండిపోయింది. టీచరే తలుపు తట్టింది. చేతిలో పై వాటా రెండో తాళంచెవి ఉంది.

"ఇది నీ దగ్గరుంచు."

"నా దగ్గరా టీచర్ గారూ?"

"నీ దగ్గరే. పిల్లి వచ్చి చెప్పగలదు గానీ, తలుపు తియ్యలేదుగా."

ఆమె రెండు చేతులా తాళంచెవి అందుకుంది. తలెత్తి ఆవిడ మొహంలోకి చూడటానికి మాత్రం ఇంకా కొన్నాళ్లు పట్టింది.