హోరున్నన్నాళ్లు

మెలకువ రాగానే ఎర్రయ్య చాప మీదే కూర్చుని రెండు చూపుడువేళ్లూ చెవుల్లో గట్టిగా దూర్చుకుని కళ్లు మూసుకున్నాడు. ఉంది. లోపల హోరు నిన్నటిలాగే తెగకుండా, కీచుమంటూ ఉంది. హమ్మయ్య అనుకుని లేచాడు. పళ్లు తోముకోవడానికంటే ముందు రోజూ అతను చేసే పని ఇదే.

చెవులు మూసుకుంటే హోరు వినిపించని మనిషి ఆరునెలల్లో పోతాడని అతని తండ్రి చెప్పేవాడు. చెప్పి ఊరుకోలేదు. ఒక వేసవి పొద్దున చెవులు మూసుకుని "హోరు లేదురా" అన్నాడు, వానలు పడకముందే పోయాడు. ఆ మాట ఎర్రయ్య బుర్రలో మేకులా దిగిపోయింది.

సుభాష్‌పల్లి అనే బెంగాలీ రైల్వేపేటలోని తన రెండు గదుల ఇంటి అరుగు మీద నలభై ఏళ్లుగా అతను రేకుపెట్టెలు చేస్తున్నాడు. రైలు గార్డులకు నల్లపెట్టెలు, గోల్‌బజార్ దుకాణానికి పెళ్లిపెట్టెలు. ఇప్పుడు గార్డులు చక్రాల సంచులు లాక్కుపోతున్నారు, పెట్టె అడిగేవాళ్లు తగ్గారు. మనిషి పొట్టి. కుడిభుజం ఎడమదానికంటే లావు. ఎడమ బొటనవేలి గోరు ఎప్పుడో సుత్తి కింద నలిగి మళ్లీ రాలేదు. అన్నేళ్లు రేకు మీద సుత్తి మోగి మోగి, సన్నని చప్పుళ్లన్నీ అతని చెవుల్ని వదిలేసి వెళ్లాయి. వాటి చోట హోరు కాపురం పెట్టింది.

లోపలి గదిలో భార్య చిలకమ్మ ఆయాసంతో మంచం పట్టి రెండేళ్లు. గొంతు పైకి రాదు. ఆయాసం ముదిరితే పీల్చే మందు కావాలి, దాన్ని నొక్కే బలం ఆమె వేళ్లకు లేదు. అందుకని స్టీలు గ్లాసు అంచు మీద చెంచాతో కొట్టి మొగుణ్ణి పిలుస్తుంది. ఆ చప్పుడు వీధిలో వెళ్లేవాళ్లకు వినిపిస్తుంది, అరుగు మీది మొగుడికి వినిపించదు.

పక్కింటి తబిత ఆసుపత్రిలో నర్సు. ఇది చూడలేక, మొన్న వేసవిలో అతన్ని చెవి డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది. డాక్టరమ్మ చెప్పినదంతా తబిత మళ్లీ విడమరిచి చెప్పింది. సన్నని చప్పుళ్లు అందక, ఆ ఖాళీని మెదడే హోరుతో నింపుకుంటోందట. చెవికి మిషను పెట్టుకుంటే చప్పుళ్లు అందుతాయి, హోరు పూర్తిగా పోకపోయినా వెనక్కి తగ్గుతుంది. సుత్తి పట్టినంతసేపు తీసెయ్యాలి, ఆపగానే మళ్లీ పెట్టుకోవాలి. ఏదైనా భయముంటే అడగమంది డాక్టరమ్మ. ఎర్రయ్య గంగిరెద్దులా తలూపాడు. అసలు భయం అడిగితే నవ్వుతారని అడగలేదు.

మిషను పెట్టిన మొదటిరోజు గ్లాసు కొట్టగానే లోపలికి వచ్చాడు. చిలకమ్మ నవ్వి, ఊరికే ఇంకో నాలుగుసార్లు పిలిచింది. సాయంత్రానికి హోరు పలచబడింది. ఎర్రయ్య చటుక్కున మిషను పీకేశాడు. అప్పటినుంచి తబిత వచ్చినప్పుడు తప్ప మిషను డబ్బాలోంచి బయటికి రాలేదు.

ఈ పొద్దున గంజి పట్టిస్తుంటే చిలకమ్మ అడిగింది.

"మిసను పెట్టుకోలేదేటి?"

"పనిలో పెట్టుకోకూడదన్నారు కదా."

"పని లేనప్పుడూ పెట్టుకోవు. గ్లాసు కొట్టి కొట్టి సెయ్యి పడిపోతంది నాకు."

ఆమె పెదవులు చూసి మాట పట్టుకున్నాడు. ఇన్నాళ్లూ దాచినది చెప్పేశాడు.

"అది పెడితే హోరు ఆగిపోతాది, చిలకా. హోరాగితే మడిసి ఉండడు, మా అయ్యకి అలగే అయింది. నాను ముందెల్లిపోతే నీకు మందెవులు కొడతారు?"

చిలకమ్మ తిట్టలేదు.

"నా కోసరం దాసుకున్నావేటి ఆ పేనం," అంది. "నాను పిలిస్తే పలకని పేనం నాకెందుకు?"

చేతిలో ఉన్న పెట్టె అవగానే మిషను పెట్టుకుంటానన్నాడు ఎర్రయ్య. నిజంగానే అనుకున్నాడు పిచ్చి మారాజు.

పదకొండింటికల్లా సుత్తిపని అయిపోయింది. నల్లరంగు డబ్బా తెరిచి కుంచె పట్టాడు. రంగు వెయ్యడానికి చప్పుడేముంది, అప్పుడే మిషను పెట్టుకోవచ్చు. అయినా రంగు కూడా అవనీ అనుకున్నాడు. మూతకు రెండు పూతలు, పక్కలకు రెండు. చెవుల్లో హోరు నిండుగా ఉంది, మనసు నిమ్మళంగా ఉంది.

ఒంటిగంటకు అన్నం పెడదామని లోపలికి వెళ్లాడు. చిలకమ్మ మొహం గుమ్మం వైపు తిరిగి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. చెయ్యి మంచం మీంచి వేలాడుతోంది, చెంచా నేల మీద ఉంది. మందు స్టూలు మీద పెట్టింది పెట్టినట్టే ఉంది.

కాసేపటికి ఇల్లు నిండింది. ఎదురింటి బెంగాలీ దీదీ తబిత చెవిలో ఏదో చెప్పి ఏడుస్తోంది. ఏమిటని ఎర్రయ్య అడిగాడు. తబిత చెప్పనని తల అడ్డంగా ఊపింది. అతను లేచి, గూట్లోంచి డబ్బా తీసి, మిషను చెవికి పెట్టుకున్నాడు.

"ఇప్పుడు సెప్పమను," అన్నాడు.

దీదీ చెప్పింది. కుళాయి దగ్గర ఉండగా చాలాసేపు టంగు టంగుమని వినిపించిందట. తర్వాత్తర్వాత నెమ్మదించిందట. ఎర్రయ్య దాదా అరుగు మీదే ఉన్నాడు కదా అని తను లోపలికి వెళ్లిపోయిందట.

ఎర్రయ్య ప్రతి మాటా విన్నాడు. హోరు వెనక్కి తగ్గింది. అతనికి భయం వెయ్యలేదు. భయపడాల్సిన పని ఇంకేమీ మిగల్లేదు.

పొద్దు వాలకముందే చిలకమ్మను తీసుకెళ్లారు. ఖాళీ మంచం మీద, దుప్పటి మడతలో స్టీలు గ్లాసు ఉండిపోయింది. దాని అంచు చుట్టూ చెంచా తగిలిన చోటల్లా సన్నని సొట్టలున్నాయి.