చల్లటి చీటీ

దర్జీ ఇంట్లో పేపరు రాగానే మొదట పిల్లి ముందు పరిచేవారు. అది నిజమైన వార్త మీద కూర్చునేది, కానిదాన్ని తొక్కకుండా పక్కనుంచి పోయేది. ఎదురింటాయన కాలం చేశారని పడిన రోజు ఆ మూల ఒక్కటే వదిలేసింది. మధ్యాహ్నం ఆయనే వచ్చి, తన ఫోటో బాగా పడిందో లేదో చూసుకుని వెళ్లాడు. ఇక ఆ ఇంట్లో వార్తల గురించి ఎవరూ బుర్ర పాడుచేసుకోలేదు. ఫోన్లో వచ్చేవీ పిల్లికే వదిలేశారు.

చలికాలంలో దర్జీకి ఒక మెసేజ్ వచ్చింది. బీపీ మాత్రలు విషమట, మానేస్తే ఒళ్లు దానంతటదే బాగుపడుతుందట. ఛార్జింగులో వేడెక్కిన ఆ ఫోను మీద పిల్లి హాయిగా ముడుచుకుంది. అంతే, ఆయన మాత్రలు మానేశాడు.

కూతురు లైబ్రరీలో పని చేస్తుంది. ఏది నమ్మాలో ఏది నమ్మకూడదో వచ్చినవాళ్లందరికీ చెప్పేది ఆమే.

"రాసినవాడి పేరు లేదు, ఏ డాక్టరు చెప్పాడో లేదు. వెచ్చగా ఉందని కూర్చుంది నాన్నా!"

"నీకంటే ముందు నుంచీ ఉందమ్మా అది. దానికి తెలీదంటావా?"

కొన్నాళ్లకే ఆయన కళ్లు తిరిగి కుట్టుమిషను మీద ఒరిగిపోయాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఎడమ చేతికి గుడ్డ పట్టు చిక్కలేదు. అయినా మాత్ర మాటెత్తితే పిల్లి వంకే చూసేవాడు. ఆమెకి ఏడుపొచ్చేది. చదివిన చదువంతా ఆ పిల్లి ముందు ఎందుకూ కొరగాకుండా పోయింది.

చివరికి మాత్రలు మానొద్దని డాక్టరు రాసిన చీటీని గుట్టుగా ఇస్త్రీ చేసి, వెచ్చవెచ్చగా నేల మీద పెట్టింది. పిల్లి వచ్చి కూర్చుంది. ఆయన మాత్ర నోట్లో వేసుకున్నాడు. ఇక రోజూ అదే తంతు.

ఒకరోజు పొద్దున్నే కరెంటు పోయింది. చేసేదేం లేక చల్లటి చీటీనే పెట్టి మొహం తిప్పుకుంది.

పిల్లి వణుక్కుంటూ నడిచొచ్చి దాని మీద కూర్చుంది.

"ఇవాళ ఇస్త్రీ చెయ్యలేదేం?" అన్నాడు తండ్రి.

ఆమె గతుక్కుమంది. "నీకు తెలుసా?"

"జన్మంతా ఇస్త్రీ చేసినవాణ్ణి, ఆ వాసన తెలీదా? నువ్వన్ని తంటాలు పడుతుంటే కాదనలేకపోయా. నువ్వటు వెళ్లగానే ఉమ్మేసేవాణ్ణి."

ఈసారి మాత్ర మింగి, నోరు తెరిచి చూపించాడు.

ఆమె పిల్లి పక్కనే కూలబడింది. నాన్న చెయ్యి పడిపోకముందు, తను ఒక్కసారైనా చీటీని చల్లగా పెట్టి చూడలేదు.