ఏడో క్లాజు

"ఒలే, ఆ బిల్లు కాయితాలు కవర్లో పెట్టీసినావా?" అని పెరట్లో పళ్లు తోముకుంటూ కేకేశాడు మల్లేశ్వరరావు. పెనం మీద అట్టు తిరగేస్తున్న ఝాన్సీలక్ష్మి చేయి ఆగిపోయింది.

"పెట్టీసినాను. ఓపాలి సదువుతారేటి?"

"నాను సదివేదేటి? నువ్వు రాస్తే నాను రాసినట్టు కాదేటే!"

అవును మరి. ఎమ్మెల్యే గారి కాగితం పనంతా చూసేవాడని పలాసలో అతనికి పేరు. వినతిపత్రాలు, ఉపన్యాసాలు, చివరికి సంతాప సందేశాలు కూడా పదకొండేళ్లుగా ఆమె వంటగట్టు మీద, పప్పు ఉడికేలోగా రాసినవే. "మావోడి రాత ముత్యాలమ్మా" అని అత్త గౌరీశ్వరి చుట్టాలకి చెప్పి, కోడలి వైపు తిరిగి, "నీకేటి, బడిలో బొమ్మలేసుకుంటే దినం ఎల్లిపోద్ది" అనేది. ఇప్పుడు ఎమ్మెల్యే గారికి సర్కారు బళ్లలో బొమ్మలు, పాట, ఆట నేర్పించాలని అసెంబ్లీలో తనే ఒక బిల్లు పెట్టాలనిపించింది. రాసిపెడతానని మల్లేశ్వరరావు ఒప్పుకొచ్చాడు. ఆమె రాసింది.

ప్రతి బడికీ ఒక కళల టీచరు. వారానికి మూడు పీరియడ్లు. వాటిని లెక్కల మాస్టారు లాక్కోకూడదు. రంగులు, కాగితాలు బడే ఇవ్వాలి. ఇలా ఆరు క్లాజులు చకచకా నడిచాయి. ఏడోది మాత్రం మూడు రోజుల కిందట, యామిని గుర్తొచ్చినప్పుడు రాసింది. యామిని ఏడో తరగతి పిల్ల. ఇంట్లో జీడిపిక్కలు కొట్టి కొట్టి వేళ్లు నల్లబడ్డ పిల్ల. కిందటేడు ఎవరో పెద్దాయన పది గంటలకొస్తానని రెండింటికొస్తే, అంతసేపూ హారతి పళ్లెంతో ఎండలో నిలబడి కూలిపోయింది. ముగ్గు పాడైందని హెడ్మాస్టరు రామూర్తి గారు ఆ పిల్లనే తిట్టారు. నిలబెట్టిందెవరు? బొమ్మల టీచరు ఝాన్సీలక్ష్మే.

"ప్రజాప్రతినిధుల, అధికారుల రాక సందర్భంగా ముగ్గులకు, హారతులకు, స్వాగత నృత్యాలకు విద్యార్థులను గానీ, కళల ఉపాధ్యాయులను గానీ వినియోగించరాదు." రాసిందే గానీ అప్పట్నించీ ఫోను మోగితే ఉలికిపాటు. ఆమెది ఏడాదికోసారి సంతకం పడితేనే నిలిచే ఉద్యోగం. ఆ సంతకం ఎమ్మెల్యే గారి మాట మీద పడుతుంది. మొగుడు ముందే చదివితే ఇంట్లో రగడ. చదవకుండా ఎమ్మెల్యే గారికిస్తే ఊరందరి ముందూ రగడ. ఏడోది కొట్టేద్దామని రెండుసార్లు కవరు తెరిచింది, రెండుసార్లూ మూసింది. ఇప్పుడు మూడోసారి చేయి చాపేలోగా మల్లేశ్వరరావు కవరు చంకలో పెట్టుకుని, "బళ్లో కొత్త గది ఓపెనింగు పదింటికి. ముగ్గులు బాగుండాల, మన పరువు" అంటూ బండి తీశాడు.

ముగ్గులు బాగానే ఉన్నాయి. ఎమ్మెల్యే గారు ఒంటిగంటకి వచ్చారు. యామినితో పాటు పన్నెండుమంది ఆడపిల్లలు పళ్లేలు పట్టుకుని ఎండలో నిలబడ్డారు. కొత్త గదికి రిబ్బను కత్తిరించాక ఆయన మైకు అందుకుని, "మన మల్లేశు రాసిన బిల్లు అసెంబ్లీ కంటే ముందు మన బళ్లోనే వినిపిద్దాం. సదువయ్యా!" అన్నారు.

మల్లేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు. అర్థం మీద ధ్యాస లేకుండా రాగం తీస్తూ చదువుకుపోయాడు. ప్రతి క్లాజుకీ చప్పట్లు. నాలుగు. అయిదు. ఝాన్సీలక్ష్మి యామిని వైపు చూసింది. ఆరు. ఏడు... చివరి "వినియోగించరాదు" దగ్గర అతని రాగం తెగింది.

వెనకనించి ఒకావిడ, "అయితే ఇయాలేసిన ముగ్గులేటే ఓలమ్మా!" అంది. గుంపంతా గొల్లుమంది.

ఎమ్మెల్యే గారు నవ్వలేదు. "ఏటయ్యా ఇది?"

"నాను కాదండి బావూ! మా ఆడది రాసీసింది. దానికేటి తెలుసండి, పొరపాటున రాసుంటాది. కొట్టేద్దామండి."

పదకొండేళ్లలో ఒక్క కాగితానికీ ఆమెను గుర్తు చేసుకోని నోరు, ఇవాళ నేరం మోపడానికి ఆమెను ముందుకు తోసింది. అందరి తలలూ ఇటు తిరిగాయి. రామూర్తి గారు పొరపాటని ఒప్పేసుకోమన్నట్టు కళ్లతో సైగ చేశారు.

"పొరపాటేనా, అమ్మా?" అన్నారు ఎమ్మెల్యే గారు. మెత్తగానే అన్నారు. ఆ మెత్తదనానికి ఇంకా భయం వేసింది. అవునండి అంటే చాలు. ఉద్యోగం ఉంటుంది, ఇల్లు ఉంటుంది, రాత్రికి అన్నం కూడా ప్రశాంతంగా దిగుతుంది. లేచి నిలబడింది.

"కాదండి. మిగతా ఆరూ కూడా నేనే రాసేను."